పగడాల తొట్టెకు దీపాల ఎంపిక: కెనడా గృహాల్లో మితవ్యయ పద్ధతులు

ఉష్ణమండల సముద్రాల్లో పెరిగే పగడాలను, వాటిని ఆశ్రయించి బతికే చేపలను, ఇతర అకశేరుకాలను ఉప్పునీటి గాజు తొట్టెలో పెంచే పద్ధతికి రీఫ్ అక్వేరియం అని పేరు. చేపలు మాత్రమే ఉన్న తొట్టెలో దీపం చూసేవారి కోసం వెలుగుతుంది. పగడాల తొట్టెలో అది అందులోని ప్రాణుల ఆహారానికి ఆధారం. అందువల్ల నీటి శుద్ధికి, నీటి కదలికకు అవసరమైన సామగ్రితో పోల్చినా దీపానికయ్యే ఖర్చు తరచుగా ఎక్కువగా ఉంటుంది. తక్కువ ధరకు దొరికిందని తీసుకున్న దీపం సరిపడనిదైతే నష్టం దీపం ధరతో ఆగక, ఒక్కొక్కటిగా పాలిపోయే పగడాల ధర కూడా దానికి తోడవుతుంది. కెనడాలో ఈ ఎంపికకు మరికొన్ని స్థానిక పరిమితులు కలుస్తాయి. శీతాకాలపు పగలు చాలా పొట్టిది, విద్యుత్ ధర ప్రావిన్సును బట్టి మారుతుంది, దీపాల్లో అధికభాగం విదేశాల నుంచి రావాలి, విద్యుత్ పరికరాల భద్రతకు కచ్చితమైన నిబంధనలు ఉన్నాయి. అయినా మొత్తం ఖర్చును ప్రధానంగా నిర్ణయించేవి దీపం కొనడానికి ముందే తీసుకునే రెండు నిర్ణయాలు: ఏ జాతి పగడాలను పెంచాలి, తొట్టె ఎంత లోతు ఉండాలి.

పగడానికి కాంతితో ఉన్న సంబంధం

పగడం జంతువే అయినా, ఉష్ణమండలపు నిస్సార జలాల్లో పెరిగే జాతుల కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు సహజీవనం చేస్తాయి. ఒకప్పుడు సింబియోడీనియం అనే ఒకే ప్రజాతిగా లెక్కించిన ఈ శైవలాలను 2018లో శాస్త్రవేత్తలు పలు ప్రజాతులుగా విడదీశారు. కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఇవి తయారు చేసే చక్కెరలు, కొవ్వులలో పెద్ద భాగం పగడానికి చేరుతుంది. పగడం విసర్జించే నత్రజని, కార్బన్ డయాక్సైడ్ వీటికి పనికివస్తాయి. రాతి పగడాలు సున్నపు అస్థిపంజరాన్ని కట్టుకునే వేగం కూడా వెలుతురులో గణనీయంగా పెరుగుతుంది.

ఈ శైవలాల్లోని క్లోరోఫిల్-ఎ, క్లోరోఫిల్-సి2, పెరిడినిన్ అనే వర్ణకాలు 400 నుంచి 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఊదా, నీలం కాంతిని బాగా గ్రహిస్తాయి. సముద్రపు నీరు ఎరుపు కాంతిని తొలి పది మీటర్లలోనే దాదాపు మింగివేస్తుంది కాబట్టి, లోతుకు చేరే నీలాన్ని ఉపయోగించుకోగలిగేలా ఈ సహజీవనం రూపుదిద్దుకుంది. రీఫ్ దీపాలన్నీ నీలివన్నెలో ఉండడానికి మూలకారణం ఇదే. దీనికి అందానికి సంబంధించిన కారణమూ ఉంది. పగడాల్లోని ప్రతిదీప్త ప్రోటీన్లు నీలికాంతిని గ్రహించి ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లో తిరిగి వెదజల్లుతాయి. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఎరుపు ప్రతిదీప్త ప్రోటీను 1999లో వెలుగులోకి వచ్చింది డిస్కోసోమా అనే మష్రూమ్ పగడం నుంచే.

కాంతిని కొలిచే పద్ధతి తెలియకపోవడం వల్లే దీపాల కొనుగోలులో ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. వాట్లు దీపం ఎంత విద్యుత్తు తీసుకుంటుందో చెబుతాయి తప్ప ఎంత కాంతిని ఇస్తుందో చెప్పవు. లక్స్ అనే ప్రమాణం మనిషి కంటికి అనుగుణమైనది. కన్ను ఆకుపచ్చను ఎక్కువగా, నీలాన్ని తక్కువగా గుర్తిస్తుంది కాబట్టి నీలి దీపం విషయంలో లక్స్ అంకె పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. పగడాల పెంపకంలో చెల్లుబాటయ్యే కొలమానం కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చే వికిరణం. దీనినే పెంపకందారులు పార్ అని వ్యవహరిస్తారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతికణాలు, అంటే ఫోటాన్లు, ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌లు పడుతున్నాయో ఇది తెలుపుతుంది. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం సముద్ర ఉపరితలం మీద ఇది 2000 దాకా చేరుతుంది. ఇంటి తొట్టెలో అంత అవసరం లేదు. ఒక స్థాయి దాటిన తరువాత సంయోగక్రియ వేగం ఇక పెరగదు, దానిని ఇంకా మించితే శైవలాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పోగుపడి, పగడం వాటిని బయటికి వెళ్లగొట్టి తెల్లబడుతుంది. రోజంతటిలో అందే మొత్తం కూడా లెక్కలోకి వస్తుంది: 150 పార్ చొప్పున 10 గంటలు వెలిగే దీపం చదరపు మీటరుకు 5.4 మోల్‌ల ఫోటాన్లను అందిస్తుంది. మధ్యస్థమైన దీపాన్ని ఇంకొంచెం ఎక్కువసేపు వెలిగించి కొంత లోటు పూడ్చుకోవచ్చు.

జాతి, లోతు: ఖర్చును నిర్ణయించే రెండు అంశాలు

పెంపకందారుల వాడుకలో పగడాలు మూడు వర్గాలు. అస్థిపంజరం లేని మెత్తని పగడాలు, అంటే లెదర్ పగడంగా పేరుపొందిన సార్కోఫైటన్, జెనియా వంటివి, వాటితో పాటు మష్రూమ్ పగడాలు, జోవాంథిడ్‌లు 50 నుంచి 100 పార్ మధ్య సుఖంగా పెరుగుతాయి. పెద్ద పాలిప్‌లు ఉన్న రాతి పగడాలైన హామర్, టార్చ్ వంటి యూఫీలియా వర్గపు జాతులకు 75 నుంచి 150 వరకు చాలు. చిన్న పాలిప్‌ల రాతి పగడాల్లో, ముఖ్యంగా అక్రోపోరాకు 200 నుంచి 350 దాకా కావాలి. అదే వర్గంలో చేర్చే మాంటిపోరా పలకలు అంతకన్నా కొంత తక్కువతోనూ సర్దుకుంటాయి. ఈ అంకెలు కచ్చితమైన హద్దులు కావు. ఒకే జాతి పగడం సముద్రంలో వేర్వేరు లోతుల్లో వేర్వేరు కాంతికి అలవాటు పడి జీవిస్తుంది. అయినా బడ్జెట్ దృష్టితో ఈ తేడా నిర్ణయాత్మకమైనది. మొదటి రెండు వర్గాలతో తృప్తి పడే కుటుంబం వంద, రెండు వందల డాలర్ల దీపంతో ఏళ్ల తరబడి చక్కని తొట్టెను నిలుపుకోగలదు. అక్రోపోరా కావాలంటే దీపం ఖర్చుతో పాటు కాల్షియం, క్షారత్వం నిలకడగా ఉంచే ఏర్పాట్ల ఖర్చు కూడా పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు మెత్తని పగడాలతో ఆరంభించడం రాజీ కాదు; జెనియా పాలిప్‌లు లయబద్ధంగా ముడుచుకుని విచ్చుకునే దృశ్యం అక్రోపోరాలో కనిపించదు.

లోతు సంగతి దీనికంటే తక్కువగా గుర్తింపు పొందింది. ఇంటి తొట్టెలోని తేటనీరు కాంతిని పీల్చుకునేది స్వల్పమే; దీపం నుంచి దూరం పెరిగేకొద్దీ వెలుతురు పరుచుకుని పలచబడడమే పార్ పడిపోవడానికి ముఖ్య కారణం. ఉత్తర అమెరికాలో తొట్టెలను అమెరికన్ గ్యాలన్లలో అమ్ముతారు. వాటిలో 40 బ్రీడర్ అనే రకం 91 సెంటీమీటర్ల పొడవు, 46 వెడల్పు, 41 ఎత్తుతో సుమారు 150 లీటర్లు పడుతుంది. 55 గ్యాలన్ల తొట్టె దాదాపు 208 లీటర్లు పట్టినా, 33 సెంటీమీటర్ల వెడల్పుతో ఇరుకుగా, 53 సెంటీమీటర్ల ఎత్తుతో లోతుగా ఉంటుంది. దీని అడుగున పగడం పెంచాలంటే బలమైన దీపం కావాలి, అది 122 సెంటీమీటర్ల పొడవంతా పరుచుకోవాలి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టెను ఎంచుకుంటే మిగిలే డబ్బు, చవక దీపం కోసం గాలించి మిగుల్చుకునేదాని కంటే సాధారణంగా ఎక్కువ.

కాంతి అవసరం లేని పగడాలూ ఉన్నాయి. నోవా స్కోషియా దగ్గర స్టోన్ ఫెన్స్ ప్రాంతంలోని లోఫీలియా దిబ్బను కెనడా ప్రభుత్వం 2004లో చేపలవేట నుంచి రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. వెలుతురు చేరని ఆ చల్లని లోతుల్లో పెరిగే పగడాలకు సహజీవన శైవలాలు ఉండవు. దుకాణాల్లో దొరికే ఉష్ణమండలపు సన్ కోరల్ కూడా ఈ తరహాదే. దీపం ఖర్చు తప్పుతుందన్న ఆశతో దానిని కొనడం పొరపాటు, ఎందుకంటే పాలిప్‌లకు తరచుగా మాంసాహారం తినిపించవలసి వస్తుంది, ఆ ఆహారం పాడుచేసే నీటిని శుభ్రపరచడానికి దీపం మీద మిగిలిన డబ్బు ఖర్చయిపోతుంది.

కిటికీ పక్కన పెట్టి సూర్యకాంతితో పెంచడం కెనడాలో సాధ్యపడదు. ఎడ్మంటన్‌లో డిసెంబరు చివర పగలు ఏడున్నర గంటలు, జూన్‌లో 17 గంటలు. పగడాలు పుట్టిన ప్రాంతాల్లో ఏడాది పొడుగునా అది 12 గంటలకు అటూ ఇటూగా ఉంటుంది. వేసవి ఎండ నేరుగా తొట్టె మీద పడితే నీరు వేడెక్కడం, నాచు పేరుకోవడం తప్ప ప్రయోజనం ఉండదు.

దీపాల రకాలు

1990లలో రీఫ్ పెంపకం ఉత్తర అమెరికా ఇళ్లలో వ్యాపించినప్పుడు ప్రధాన సాధనం మెటల్ హలైడ్ దీపం. కెనడాకు చెందిన జె. చార్లెస్ డెల్బీక్, అమెరికాకు చెందిన జూలియన్ స్ప్రంగ్ కలిసి రాసిన ద రీఫ్ అక్వేరియం తొలి సంపుటం 1994లో వెలువడి ఆ తరం పెంపకందారులకు ప్రామాణిక గ్రంథమైంది. 150, 250, 400 వాట్ల పరిమాణాల్లో దొరికే మెటల్ హలైడ్ దీపం సూర్యుడిలాగే ఒక బిందువు నుంచి వెలువడే తీక్షణమైన కాంతిని ఇస్తుంది, నీటి అలల మెరుపును ఇసుక మీద చూపిస్తుంది. వేడి దీని లోపం. వేసవిలో నీటిని చల్లబరిచే యంత్రం అవసరం కావచ్చు.

టీ5 హెచ్‌వో అనే సన్నని ఫ్లోరసెంట్ గొట్టాలు తరువాతి దశ. 24, 39, 54, 80 వాట్లలో దొరికే వీటిని ఒక్కొక్క గొట్టానికి విడి ప్రతిఫలకం అమర్చిన పెట్టెలో వరుసగా బిగిస్తే, తొట్టె అంతటా నీడలు పడని సమమైన వెలుతురు వస్తుంది. ఈ ఒక్క గుణంలో వీటిని మించినవి ఇప్పటికీ అరుదు. అయితే 9 నుంచి 12 నెలలకు గొట్టాలు మార్చాలి. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని కెనడా 2017లో ధ్రువీకరించింది. ఆ ఒప్పంద దేశాల అయిదో సమావేశం 2023లో జెనీవాలో జరిగి, సాధారణ వెలుతురుకు వాడే ఫ్లోరసెంట్ గొట్టాలకు 2027 చివరికల్లా స్వస్తి పలకాలని తీర్మానించింది. అక్వేరియం గొట్టాలు ప్రత్యేక అవసరానివే అయినా, మూల పరిశ్రమ కుంచించుకుపోతున్న వేళ వాటి సరఫరా మునుపటిలా ఉంటుందని భావించి కొత్త టీ5 పెట్టె కొనడం వివేకం కాదు. ఇప్పటికే ఉన్నది పారవేయవలసిన పని లేదు.

ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని సాధ్యం చేసిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. ఆ ఆవిష్కరణ ఫలితం పగడాల తొట్టెను పూర్తిగా మార్చివేసింది. శైవలాలకు కావలసిన నీలాన్ని నేరుగా పుట్టించడం, తీవ్రతను యాప్ ద్వారా తగ్గించి పెంచే వీలు, తక్కువ విద్యుత్తు ఎల్ఈడీ దీపం బలాలు. కొద్ది స్థలం నుంచి కాంతి వెలువడడం వల్ల కొమ్మల కింద గాఢమైన నీడలు పడడం, దీపానికి సరిగ్గా కింద పార్ విపరీతంగా ఉండి అంచులకు తగ్గిపోవడం బలహీనతలు. ఒకే శక్తిమంతమైన దీపానికి బదులు అదే ధరకు రెండు చిన్నవి కొని దూరంగా అమర్చడం ఈ లోపాన్ని చాలావరకు తగ్గిస్తుంది.

కెనడా విపణిలో దొరికేవి

ఎకోటెక్ సంస్థ రేడియన్ వంటి అగ్రశ్రేణి దీపం కెనడాలో వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆక్వా ఇల్యూమినేషన్ సంస్థ ప్రైమ్, కెస్సిల్ సంస్థ ఏ160 వంటి చిన్న దీపాలు మధ్యశ్రేణికి చెందినవి. అటువంటి ఒక్కొక్కటి సుమారు 60 సెంటీమీటర్ల చదరానికి సరిపోతుంది. మాంట్రియల్‌లో 1955లో స్థాపించిన హేగన్ సంస్థ ఫ్లూవల్ పేరుతో అమ్మే మెరైన్ 3.0 దీపాలు దేశమంతటా సాధారణ పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. అదే సంస్థ 52 లీటర్ల ఈవో తొట్టెను దీపంతో సహా అమ్ముతుంది. మెత్తని పగడాలతో మొదలుపెట్టే కుటుంబానికి అటువంటి సముదాయం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో కూడిన మార్గం.

అంతకన్నా చవకైనవి చైనా నుంచి వచ్చే నల్లపెట్టె దీపాలు. 165 వాట్లుగా ప్రకటించే ఈ పెట్టెల్లో నీలం, తెలుపు ఎల్ఈడీలకు వేర్వేరు నియంత్రణ ఉంటుంది, వీటితో అక్రోపోరా పెంచినవారూ ఉన్నారు. వీటి మీద ఉన్న అనుమానం కాంతి గురించి కాదు, విద్యుత్ భద్రత గురించి. కెనడాలో అమ్మే విద్యుత్ పరికరానికి సీఎస్ఏ, సీయూఎల్, సీఈటీఎల్ వంటి గుర్తింపు ముద్ర ఉండాలి. ఐరోపాకు చెందిన సీఈ ముద్రకు ఇక్కడ చెల్లుబాటు లేదు. అంటారియోలో గుర్తింపు ముద్ర లేని పరికరాన్ని అమ్మడమే కాదు, వాడడమూ నిబంధనలకు విరుద్ధం. ఉప్పునీటి తుంపర, ఆవిరి నిత్యం తగిలే చోట, పిల్లలు చేతులు పెట్టే ఎత్తులో వేలాడే పరికరం విషయంలో ఈ నిబంధనను కాగితపు లాంఛనంగా చూడకూడదు. దీపం ఏదైనా, భూమికి కారే విద్యుత్తును గుర్తించి క్షణంలో సరఫరా ఆపే జీఎఫ్‌సీఐ ప్లగ్గు నుంచే దానిని నడపాలి. ఖర్చు తగ్గించుకోవడానికి వదిలేయదగిన వస్తువుల జాబితాలో ఇది ఎన్నడూ చేరదు.

అమెరికా నుంచి కొరియర్ ద్వారా తెప్పించుకునేవారు 2020 జులైలో అమల్లోకి వచ్చిన మూడు దేశాల వాణిజ్య ఒప్పందపు పరిమితులు గమనించాలి: 40 కెనడా డాలర్లు దాటితే అమ్మకపు పన్ను, 150 దాటితే సుంకం కూడా వర్తించవచ్చు. పన్ను ఆల్బర్టాలో 5 శాతం, అంటారియోలో 13 శాతం. వీటికి కొరియర్ సంస్థ రుసుము, దీపం చెడిపోతే సరిహద్దు దాటించి వారంటీ మరమ్మతుకు పంపే ఖర్చు కలిపి చూస్తే, స్థానిక దుకాణపు ధరతో ఉన్న తేడా తరచుగా మాయమవుతుంది.

గంజాయి వాడకం 2018 అక్టోబరులో చట్టబద్ధమై, చాలా ప్రావిన్సుల్లో ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకునే వీలు కలగడంతో, మొక్కల కోసం చేసిన ఎల్ఈడీ దీపాలు కెనడాలో విరివిగా, చవకగా దొరుకుతున్నాయి. వీటిలో పసుపు ఛాయ గల తెలుపు, 660 నానోమీటర్ల ఎరుపు అధికం. వీటి కింద పగడం చావకపోవచ్చు గాని, నీలం కొరవడి పగడాలు గోధుమరంగులో వెలవెలబోతాయి. తొట్టెలో నచ్చని నాచు కూడా సులువుగా పెరుగుతుంది. దీనికి బదులు 6500 కెల్విన్ తెల్లని దీపానికి ఒక నీలి ఎల్ఈడీ పట్టీని జతచేయడం మెరుగైన చవక మార్గం.

పాత దీపాలు కొనేటప్పుడు ఎల్ఈడీల వయసు కన్నా ఫ్యాను, విద్యుత్తును అందించే డ్రైవరు, ఉప్పు పేరుకున్న ప్లగ్గులు చూడాలి. నాణ్యమైన ఎల్ఈడీ 50,000 గంటలకు కూడా మూడింట రెండువంతుల పైగా వెలుగు నిలుపుకుంటుందని తయారీదారులు చెబుతారు, అంటే రోజుకు 10 గంటల చొప్పున 13 ఏళ్లకు పైగా. ఆ లోపే ఆగిపోయేవి ఫ్యాన్లు, డ్రైవర్లు.

కరెంటు ఖర్చు

40 బ్రీడర్ వంటి తొట్టెపై రోజుకు 10 గంటలు వెలిగించే మూడు ఏర్పాట్లను పోల్చితే, చోక్‌తో కలిపి 280 వాట్లు తీసుకునే మెటల్ హలైడ్ ఏడాదికి సుమారు 1020 కిలోవాట్-గంటలు, నాలుగు 39 వాట్ల టీ5 గొట్టాలు 570, సగటున 90 వాట్లకు తగ్గించి నడిపే ఎల్ఈడీలు 330 ఖర్చు చేస్తాయి. కిలోవాట్-గంటకు 10 సెంట్లు అనుకుంటే అవి వరుసగా 102, 57, 33 డాలర్లు. అసలు భారం కరెంటుది కాదు: ఒక్కొక్కటి 30 డాలర్ల చుట్టూ పలికే నాలుగు టీ5 గొట్టాలను ఏటా మార్చడానికి 120 డాలర్లు కావాలి. మూడేళ్లలో కరెంటు, గొట్టాలు కలిపి టీ5కు 530 డాలర్లు, ఎల్ఈడీకి వంద డాలర్లు ఖర్చవుతాయి కాబట్టి, కొనేటప్పుడు ఎల్ఈడీ నాలుగు వందల డాలర్లు ఎక్కువైనా ఆ కాలంలోనే తేడా తీరిపోతుంది.

అంటారియోలో వేళను బట్టి ధర మారే విధానం ఉంది. 2024 నవంబరు నుంచి వర్తించిన ధరల్లో రద్దీ వేళ 15.8 సెంట్లు, రాత్రి ఏడు తరువాత, వారాంతాల్లో 7.6 సెంట్లు. రోజుకు ఒక కిలోవాట్-గంట వాడే ఎల్ఈడీని పూర్తిగా చవక వేళకు మార్చినా ఆ ధరల్లో ఏడాదికి మిగిలేది 20 డాలర్ల లోపే. సాయంత్రం ఇంటికి చేరేవారు చూడగలిగే సమయానికి దీపం వెలిగించుకోవడమే ఈ మార్పులోని నిజమైన లాభం. క్యుబెక్‌లో గృహ వినియోగపు తొలి శ్లాబు ధర కిలోవాట్-గంటకు ఏడు సెంట్ల చుట్టుపక్కల ఉంది. పైగా అక్కడ చాలా ఇళ్లను విద్యుత్ బేస్‌బోర్డ్ హీటర్లతోనే వెచ్చబరుస్తారు కాబట్టి, చలికాలంలో దీపం వెలువరించే వేడి ఆ మేరకు హీటరు పనిని తగ్గిస్తుంది. కాబట్టి క్యుబెక్‌లో వాడిన మెటల్ హలైడ్ దీపం చవకగా దొరికితే, కరెంటు ఖర్చును మాత్రమే కారణంగా చూపి దానిని తోసిపుచ్చడానికి వీల్లేదు.

కొలత, అలవాటు చేయడం

యూటా రాష్ట్రంలోని అపోజీ సంస్థ చేసే ఎంక్యూ-510 నీటిలో వాడే పార్ మీటర్లలో పేరుపొందింది. గాలిలో కన్నా నీటిలో సెన్సారు తక్కువ చూపిస్తుంది కాబట్టి అందులో 1.32 రెట్ల సవరణను ముందే చేర్చారు. మీటరు ధర బడ్జెట్ దీపం ధరను మించుతుంది. అందువల్ల అద్దెకో, అరువుకో తెచ్చుకుని ఒక పూట కొలవడం మేలు. దీపం ఎత్తు, తీవ్రత మార్చుతూ ఇసుక మీద, రాళ్ల మధ్య, రాళ్ల కొనల వద్ద అంకెలు రాసిపెట్టుకుంటే ఆ పట్టిక ఏళ్ల పాటు పనికివస్తుంది.

కొత్త దీపాన్ని పూర్తి తీవ్రతతో ఒకేసారి వెలిగించడం వల్ల చచ్చిపోయే పగడాల సంఖ్య బలహీన దీపం కింద చచ్చిపోయేవాటి కంటే తక్కువేమీ కాదు. మూడింట ఒక వంతు తీవ్రతతో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో కొద్దికొద్దిగా పెంచితే శైవలాలు తమ వర్ణకాలను తగ్గించుకుని సర్దుకుంటాయి. పగడం గోధుమరంగుకు మారి పాలిప్‌లు సాగదీస్తే కాంతి చాలడం లేదని, పాలిపోయి ముడుచుకుంటే ఎక్కువైందని గ్రహించాలి.

పగడం ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ దీపం ఎంపికకు సంబంధించినదే. రాతి పగడాల వ్యాపారం అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధం కిందకు వస్తుంది. కెనడా 1975 నుంచి సభ్యదేశం. భారతదేశంలో 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో ఉండడం వల్ల సముద్రం నుంచి వాటిని సేకరించడం నేరం. కెనడాలో అనుమతిపత్రాలతో దిగుమతి చేసినవాటిని, స్థానికంగా కోసి పెంచిన ఫ్రాగ్ అనే చిన్న ముక్కలను కొనుక్కోవచ్చు. తొట్టెలో పెరిగిన ముక్క ఇంటి దీపాలకు అప్పటికే అలవాటుపడి ఉంటుంది కాబట్టి, చవకైన దీపం ఉన్నవారికి సముద్రం నుంచి తెచ్చిన దాని కన్నా ఇదే తగినది.

దీపానికి డబ్బు కేటాయించే ముందు కరెంటు పోయే రోజుల గురించీ ఆలోచించాలి. 1998 జనవరిలో మంచు వాన క్యుబెక్, తూర్పు అంటారియోలలో తీగలను కూల్చివేసినప్పుడు లక్షల ఇళ్లకు రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి కరెంటు లేదు. అటువంటి సమయంలో దీపం లేకున్నా పగడాలు కొద్దిరోజులు తట్టుకుంటాయి. నీటి కదలిక ఆగితే తొట్టెలోని ప్రాణవాయువు కొన్ని గంటల్లోనే తరిగిపోతుంది, చలికాలంలో నీరు గదితో పాటు చల్లబడుతుంది. కాబట్టి పరిమిత మొత్తంతో మొదలుపెట్టే కుటుంబం బ్యాటరీతో నడిచే గాలి పంపునకు, తొట్టెను చుట్టే దుప్పట్లకు కొంత డబ్బు ముందే పక్కన పెట్టి, మిగిలినదానితో దీపాన్ని ఎంచుకోవాలి.